కాఫీతోపాటు చెప్పిన కలలు

మా ముత్తాత చల్లపల్లి దివాణంలో పేష్కారు. ఆయన ఎదురైతే జనం చెప్పులు చేతపట్టుకుని పక్కకు తప్పుకునేవారట. తాత మునసబు. నాన్నకు ఏ పదవీ లేకపోయినా చివరిదాకా మునసబుగారి అబ్బాయిగానే బతికాడు. నేను గుణదలలో అద్దె ఫ్లాటులో ఉంటున్నాను.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఆడవాళ్ళు రాత్రి కన్న కలను పొద్దున్నే కాఫీ ఇస్తూ ఇంటి యజమానికి చెప్పాలి. ఆయన దాని ఫలం చెబుతాడు. కలలో ఏడిస్తే శుభం, పెళ్ళి కనిపిస్తే కీడు. ఫలం బాగుంటేనే ప్రయాణాలైనా, కొత్త పనులైనా. పెద్దల అధికారంలో నాదాకా వచ్చింది ఇదొక్కటే.

కిందటేడు నా భార్య పక్క ఫ్లాటు ఆవిడ దగ్గర ఒక నవల తెచ్చుకుంది. అప్పట్నుంచి ఆమె కలలు మారాయి. అంతకుముందు పాములు, వానలు, చనిపోయిన మేనత్త వచ్చేవి. ఇప్పుడు పడవ.

"కాలవ లాకుల దగ్గర పడవ ఆగిపోయిందండీ. నడిపేవాడు లేడు. నేనే గెడ పట్టుకున్నా. కదిలింది."

"నీళ్ళమీద ప్రయాణం కొత్త పనికి మంచిది," అన్నాను.

ఆ మాట కోసమే కాచుకున్నట్టు మొదలుపెట్టింది. పుట్టింటివాళ్ళు చల్లపల్లి దగ్గర తన పేర రాసిన స్థలం అమ్మి, కోచింగు కాలేజీల ఆడపిల్లలకు మెస్సు పెడుతుందట. పేష్కారుగారి ఇంటి కోడలు పూటకూళ్ళు నడపడమా! నాకు ఆ కలమీదే అనుమానం వచ్చింది.

ఆమె బజారుకు వెళ్ళినప్పుడు నవల తీసి చదివాను. కథానాయిక లాకుల కాపలాదారు భార్య. ఆమెకు మూడుసార్లు పడవ కల వస్తుంది. మొదటిసారి లాకుల తలుపులు మూసి ఉంటాయి. రెండోసారి తెరిచి ఉన్నా, ఎవరో వచ్చి ఎక్కమంటారని గట్టునే నిలబడుతుంది. మూడోసారి గెడ తానే అందుకుంటుంది. ప్రతి కలనూ భర్తకు చెబుతుంది. చివరికి ఊరు విడిచి ఉద్యోగానికి వెళుతుంది. పడవ స్వేచ్ఛకు గుర్తని వెనక అట్టమీద రాసి ఉంది. నేను నమ్మలేదు. కలలు అంత వరసగా, అవసరానికి తగినట్టు రావు. నిజం కలలో గెడ చేతికి రాగానే చీపురైపోతుంది.

ఆమె రాగానే అడిగాను.

"ఆ కల నీది కాదు. నవలలోది."

"అవునండీ. నాకు కలలెక్కడివి? పడుకుంటే పాలవాడు బెల్లు కొట్టేదాకా ఒళ్ళు తెలీదు. కాపరానికొచ్చిన కొత్తల్లో కలేం రాలేదంటే అత్తయ్యగారు ఊరుకోలా. 'ఏదో ఒకటి చెప్పవే తల్లీ, వాడి కాఫీ చల్లారిపోతోంది' అన్నారు. అప్పట్నుంచీ అల్లుతూనే ఉన్నా."

"మరి మీ మేనత్త?"

"ఆవిడ కలలోకొచ్చి ఏడ్చిందంటే మీరు పుట్టింటికి పంపేవారుగా. అయినా అత్తయ్యగారు మాత్రం? మామయ్యగారి మొహం చూసి కల కనేవారట."

నవల మళ్ళీ చదివాను. అట్టమీద రాసింది తప్పు. ఆ ఇంట్లో కథానాయిక 'నాకు ఇది కావాలి' అనడానికి వీల్లేదు. 'నాకు కల వచ్చింది' అనగలదు. కలకు బాధ్యులు ఎవరూ ఉండరు కనుక ఎవరూ తిట్టరు. ఆమె స్వేచ్ఛ ఎక్కడైనా ఉంటే పడవలో కాదు, ఆ చెప్పడంలో ఉంది. మూడింటిలో ఒక్క కలైనా నిజంగా కన్నదా అని వెతికాను. రచయిత్రి ఎక్కడా చెప్పలేదు. నా భార్య ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడే పట్టి ఉంటుంది.

మర్నాడు కాఫీ తెచ్చి, "ఇంకో కల చెప్పనా?" అంది.

"వద్దు. ఏం కావాలో చెప్పు."

"రిజిస్ట్రారాఫీసుకొచ్చి సాక్షి సంతకం పెట్టండి. మునసబుగారి మనవడంటే కొనేవాళ్ళకి నమ్మకం."

గౌరవిస్తోందో, వాడుకుంటోందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. స్థలాన్ని, అందులోని కొబ్బరిచెట్లతో సహా, నా భార్య అమ్మేసింది.