మార్చిలో కాచిన బీరు

మొన్న ఆదివారం అమ్మ మొలకెత్తిన రాగులు ఎండబెట్టి దోరగా వేయిస్తుంటే, ఆ కమ్మటి వాసన నన్ను ఇరవై ఏళ్లు వెనక్కి, అమెరికాలో, అరోరా ఊళ్లో మా పక్కింటి వాల్టర్ అంకుల్ గరాజ్‌లోకి లాక్కెళ్లింది.

పచ్చికమీద మంచు ఇంకా పూర్తిగా కరగని మార్చి నెలలో అంకుల్, మార్తా ఆంటీ గరాజ్ తలుపు సగం ఎత్తి, గంగాళమంత గిన్నెలో మొలకల బార్లీ నానబెట్టి, ఆ నీళ్లు వడకట్టి మరిగించేవాళ్లు. పొడుగాటి చెక్క తెడ్డుతో కలుపుతూ ఆంటీ, ఇంకా బీరు కాని ఆ తియ్యటి నీళ్లు చల్లార్చి ఒక స్పూను నా నోట్లో పోసేది. అమ్మ దాన్ని జర్మనీ వాళ్ల జావ అనేది. మార్చిలో కాచి, వేసవంతా చల్లగా దాచి, సెప్టెంబర్‌లో తెరవడం వాళ్ల తాతలనాటి పద్ధతి. ఆ బీరు పేరు మెర్ట్‌సెన్, అంటే మార్చిది అని ఆంటీయే చెప్పింది.

నాకు పదేళ్లప్పుడు, అలా తెడ్డు తిప్పిన రెండు నెలలకే ఆంటీ చనిపోయింది. ఆవిడ చేతి బీరు గరాజ్‌లోని పాత ఫ్రిజ్‌లో ఉండిపోయింది. జులైలో అంకుల్ మూడు వారాలు కూతురింటికి వెళ్తూ, మొక్కలకి నీళ్లు పొయ్యమని తాళంచెవి నాకిచ్చారు.

మేం ఊరెళ్తే నాన్న గదిగదికీ తిరిగి ప్లగ్‌లన్నీ పీకి, ఫ్రిజ్ కూడా ఖాళీ చేసి ఆపేసేవాడు. "ఖాళీ ఇంట్లో కరెంటు ఉండకూడదు తల్లీ, షార్ట్ సర్క్యూట్ అయితే చూసేదెవరు?" అనేవాడు. నేనూ పెద్ద ఆరిందాలా మొదటిరోజే అంకుల్ ఇంట్లో టోస్టర్, టీవీ అన్నీ పీకేశాను. గరాజ్ ఫ్రిజ్ తెరిస్తే పాలూ కూరగాయలూ లేవు, మూతలు బిగించిన రెండు స్టీలు డబ్బాలే ఉన్నాయి. చెడిపోయేదేముందని దాని ప్లగ్గూ తీసేశాను. ఆయన వచ్చే ముందురోజు మళ్లీ అన్నీ పెట్టేసి, ఎంత బాధ్యతగా చేశానో అని మురిసిపోయాను.

సెప్టెంబర్‌లో అంకుల్ మమ్మల్ని పిలిచి, నాకు యాపిల్ జ్యూస్, నాన్నకీ తనకీ ఆ టీ డికాషన్ రంగు బీరు పోశారు. ఒక గుక్క తాగి అంకుల్ గ్లాసు కింద పెట్టేశారు. పులిసిపోయింది.

"గిన్నెలు కడిగింది నేను," అన్నారు. "సరిగా కడిగుండను. తను కలిపిన ఆఖరి బీరు నేనే పాడుచేసుకున్నాను."

నేను ప్లగ్ పీకిన ఫ్రిజ్‌లోని ఆ స్టీలు డబ్బాల్లో ఉన్నది ఈ బీరేనని నాకు అప్పుడు అర్థమైంది. ఆ పుల్లటి బీరునే ఆయన ఆదివారానికో గ్లాసు చొప్పున, ఒక్క చుక్క పారబొయ్యకుండా తాగారు. మళ్లీ మార్చి వచ్చింది గానీ గరాజ్ తలుపు లేవలేదు. ఆ ఏడే ఇల్లమ్మి కూతురి దగ్గరికి వెళ్లిపోయి, అక్కడే పోయారు.

ఇప్పుడా గరాజ్‌లో ఎవరివో రెండు కార్లు ఉన్నాయి. ఆ గంగాళం, ఆ తెడ్డు ఎటు పోయాయో తెలీదు. అమ్మ జావ కాచి కప్పు చేతికిచ్చింది, తాగలేకపోయాను. ఆయన గిన్నెలు శుభ్రంగానే కడిగారని తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. ఆయనకి మాత్రం చెప్పలేదు.