మలుపు తిరిగేదాకా

తనకు బాగా తెలిసిన దారిని కనిపించిన ప్రతివాణ్ణీ అడిగి మరీ వెళ్ళే మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉంటాడు. నా ఖర్మ కొద్దీ వాడు నా స్నేహితుడయ్యాడు. వాడి అసలు పేరు వాళ్ళ ఇంట్లోవాళ్ళకైనా గుర్తుందో లేదో నాకు అనుమానమే. ఊరంతా వాణ్ణి ‘దారేది’ అనే పిలుస్తుంది.

దుకాణాల్లో తూకం యంత్రాలు బాగుచేయడం వాడి పని. సముద్రం ఒడ్డు రోడ్డు మీద పాతికేళ్ళుగా వ్యాను వేసుకుని తిరుగుతున్నాడు. ఎక్కడ గుంత ఉందో, ఏ మలుపులో ఎవరి కుక్క అడ్డం వస్తుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. అయినా సరే, రోడ్డు పక్కన మనిషి కనిపిస్తే చాలు, వ్యాను ఆగుతుంది, అద్దం దిగుతుంది, వెడల్పాటి మొహం ఒకటి బయటికొస్తుంది. “ఏమండీ, దారెటండీ?”

సొంత వీధిలో సొంత ఇంటికి ఎదురింటాయన్ని దారి అడిగిన ఘనుడు వాడు. తన పెళ్ళిలోనే భోజనాల హాలు ఎటని పెళ్ళికూతుర్నే అడిగాడు. “ఆవిడ చెప్పింది. ఆ రోజు నుంచి నాకు దారి చెప్పే పని ఆవిడే చూసుకుంటోంది” అంటాడు. ఆవిడ కూడా కాదనదు.

అడిగి ఊరుకుంటే బాగానే ఉండును. అవతలివాళ్ళు ఎటు చెబితే అటు బండి తిప్పుతాడు. వాళ్ళు చెప్పింది శుద్ధ తప్పని తెలిసినా తిప్పుతాడు. నేనేమో అచ్చు కార్యాలయంలో ప్రూఫులు దిద్దేవాణ్ణి. తప్పు కంటబడితే దిద్దేదాకా నా చెయ్యి ఊరుకోదు. అలాంటి నేను వాడి పక్క సీట్లో కూర్చుని ఎంత నరకం పడ్డానో పైవాడికే తెలియాలి.

ఇక మా చెల్లెలి సంగతికి వస్తాను. మా బావ సరుకుల ఓడలో ఇంజను మెకానిక్కు. ఓడెక్కితే ఏడాది దాకా ఇంటి మొహం చూడడు. ఈసారి బయల్దేరే ముందు, మా చెల్లెలు ముచ్చటపడి కుట్టిన కిటికీ పరదా చూసి, “ఇదేంటి, ఓడ మీద కప్పే టార్పాలిన్‌లా ఉంది” అన్నాడు. నారింజ రంగు గుడ్డ మీద కోడిపెట్టంత చిలకలు కుట్టింది మరి. నాకూ అలాగే అనిపించింది గానీ, నేను పైకి అనలేదు. అతను అన్నాడు. దాంతో మాటలు బంద్. అతను ఓడరేవుకి వెళ్ళిపోయాడు, ఇది గుమ్మం దాకా కూడా రాలేదు.

తీరా ఓడ కదిలే రోజున పొద్దున్నే పరదా చంకలో పెట్టుకుని మా ఇంటికొచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“అన్నయ్యా, నన్ను ఓడరేవుకి తీసుకెళ్ళు. సాయంత్రానికి ఓడ వెళ్ళిపోతుంది. ఏడాదంతా ఇలా మాటల్లేకుండా నేనుండలేను.”

“మరి ఆ పరదా ఎందుకే?”

“ఆయన గది కిటికీకి కట్టిస్తాను. రోజూ చూస్తూ ఉండాలి.”

అది ప్రేమో పగో నాకు అర్థం కాలేదు. బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. బండి ఉన్నవాడు నాకు తెలిసి ఒక్కడే. గుండె రాయి చేసుకుని దారేదికి కబురు పెట్టాను.

వాడు సంతోషంగా వచ్చాడు. వ్యాను వెనక తక్కెడ పళ్ళేలు గలగలమంటున్నాయి. “చెల్లెమ్మా, ముందు కూర్చో. గాలి బాగా తగులుతుంది” అని, బండి కదిలించి, సందు చివర ఇస్త్రీ బండి దగ్గర ఆపాడు. “ఏమండీ, ఓడరేవుకి దారెటండీ?”

“అన్నగారూ, మీకు తెలీదా?” అంది మా చెల్లెలు కంగారుగా.

“తెలుసు.”

“మరి ఎందుకడుగుతున్నారు?”

“ఆయనకీ తెలుసేమోనని.”

మా చెల్లెలు నావైపు తిరిగి చూసింది. నేను ఆకాశం వైపు చూశాను.

కొండ దాటి సముద్రం కనిపించగానే ముగ్గురమూ ఆ గొడవ మర్చిపోయాం. ఎన్నిసార్లు చూసినా ఆ చోట నాకు అంతే. ఎదురుగా రోడ్డు ఉండదు, ఆకాశం ఉండదు, అంతా నీళ్ళే. మలుపు తిరిగాక గానీ మనం నేల మీదే ఉన్నామన్న నమ్మకం కుదరదు. అంత నీలం ఒక్కసారిగా మీద పడేసరికి మా చెల్లెలు కూడా పరదా మీద చేతులు వదిలేసి నోరు తెరుచుకుని చూసింది. ఆ కాస్తసేపూ ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు.

ఆ తర్వాత మళ్ళీ మొదలు. వల బాగుచేసుకుంటున్న ముసలమ్మను అడిగాడు. ఆవిడ దారితో పాటు మోకాలి నొప్పి సంగతీ చెప్పింది. పంచర్లు వేసేవాణ్ణి అడిగాడు. అతను తన బావమరిది దుకాణం మీదుగా వెళ్ళమన్నాడు. మావాడు బుద్ధిగా ఆ దుకాణం చుట్టూ తిరిగొచ్చాడు. పెట్రోలు బంకులో, “ఇదిగో, ఈ రోడ్డే, ముక్కుసూటిగా” అని ఒకాయన రెండు ముక్కల్లో తేల్చేస్తే మావాడి మొహం చిన్నబోయింది.

“అన్నగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను, ఇంకెవర్నీ అడక్కండి” అంది మా చెల్లెలు.

“ఒక్కరే చెల్లెమ్మా. ఇంకొక్కరే.”

ఆ ఒక్కరూ రోడ్డు రెండుగా చీలే చోట ఉన్నారు. బస్సులు ఆగని పాత బస్‌స్టాపు, అందులో ఒక బెంచీ, బెంచీ మీద ఇస్త్రీ మడత నలగని కాకీ చొక్కాతో ఒక పెద్దాయన. పక్కనే ఏనుగంత బోర్డు. ఓడరేవుకి కుడివైపు. ఎడమవైపు రోడ్డు మూసివేయబడినది. అక్షర దోషం ఒక్కటి లేదు, నేను చూశాను.

“పెద్దాయనా, ఓడరేవుకి దారెటు?”

పెద్దాయన లేచి నిలబడ్డాడు. చొక్కా పై గుండీ పెట్టుకున్నాడు. గాల్లో స్టీరింగు పట్టుకున్నాడు. “ఎడమకి తిప్పు నాయనా. సముద్రం పక్కనే పోనీ. మొదటి మలుపులో హారను కొట్టు, ఎదురుగా లారీలొస్తాయి. చివర్న కొండ మొన మీద కాసేపు బండి ఆపు. ఓడలు ఆ కింద నుంచే పోతాయి. నేను రోజూ ఆపేవాణ్ణి. తమవాళ్ళు ఓడలో ఉన్న జనం దిగి చేతులూపుకునేవాళ్ళు.”

“మా మంచి మాట చెప్పారు” అని మావాడు ఎడమకే తిప్పాడు.

మా చెల్లెలి ఓపిక అక్కడితో సరి. “మీకు కళ్ళు కనపడవా? అంత బోర్డుంది! అక్కడ నా మొగుడు వెళ్ళిపోతుంటే మీకిది ఆటగా ఉందా?”

మావాడు తొణకలేదు. మొదటి మలుపు దగ్గర ఎదురుగా ఈగ కూడా లేకపోయినా హారను కొట్టాడు. మలుపు తిరిగాక బండి ఆపి, వెనక్కి చూసుకుని, అప్పుడు నోరు విప్పాడు.

“కోప్పడకు చెల్లెమ్మా. ఇక్కణ్ణుంచి ఉప్పు గోదాముల వెనగ్గా కొత్త రోడ్డెక్కుతాం. ఎంతోసేపు పట్టదు. ఆయన ఈ రోడ్డు మీద బస్సు నడిపినవాడు. సముద్రం రోడ్డు కొరికేసిందని చెప్పినా ఆయనకి గుర్తుండదు. మనం మలుపు తిరిగేదాకా ఆయన చూస్తూనే ఉంటాడు.”

“చూస్తే?”

“ఒకసారి ఎవడో ఆయన్నే దారడిగి, ఆయన కళ్ళముందే కుడికి పోయాడట. ఆ తర్వాత చాలా రోజులు ఆయన గదిలోంచి బయటికే రాలేదని కోడలు చెప్పి ఏడ్చింది. అప్పట్నుంచి ఇటు వచ్చినప్పుడల్లా నేను ఎడమకే తిప్పుతాను.”

“మరి ఆ వల ముసలమ్మ?” అన్నాను.

“ఆవిడతో రోజంతా మాట్లాడేవాళ్ళెవరున్నార్రా? ఊరికే ‘ఎలా ఉన్నారు’ అంటే ‘బానే ఉన్నా’ అని ఊరుకుంటారు. దారడిగితే మాత్రం ఎవరైనా లేచి నిలబడతారు.”

ఇన్నేళ్ళ స్నేహంలో ఈ మాట నాకెందుకు తట్టలేదో తెలియదు. వాడి పెద్ద మొహం వంక కొత్తగా చూశాను. మా చెల్లెలు పరదా అంచు నలుపుతూ తల వంచుకుంది.

సరిగ్గా అప్పుడు నా ఫోను మోగింది. బావ. “బావా, ఓడ ముందే కదిలిపోయింది. మీ చెల్లెలికి ఒక్కమాట చెప్పు. వెళ్ళొస్తానన్నానని.” వెనక ఇంజను హోరు. ఫోను తెగిపోయింది.

మా చెల్లెలు ఏడవలేదు, దానికే నాకు భయం వేసింది. దారేది స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి, గబుక్కున నావైపు తిరిగాడు.

“ఒరేయ్, ఆ పెద్దాయన చివర్న ఏమన్నాడు?”

“కొండ మొన మీద ఆపమన్నాడు. ఓడలు కింద నుంచే...” అని నేను పూర్తి చేసేలోపే వ్యాను ఎగిరి దూకింది.

రోడ్డు పగుళ్ళిచ్చింది, ఆ తర్వాత సగమైంది, ఆ తర్వాత అడ్డంగా రాళ్ళు పేర్చి ఉన్నాయి. దిగి పరుగెత్తాం. మొన మీదికి చేరేసరికి గాలి మమ్మల్ని వెనక్కి నెట్టింది. కింద, నమ్మండి, ఎవరో వీధిని కోసి నీళ్ళలో వదిలినట్టు ఓడ వస్తోంది. నేను జన్మలో అంత పెద్ద వస్తువు కదలడం చూడలేదు. అది మా కాళ్ళ కిందికి వచ్చేస్తుంటే ఒకడుగు వెనక్కి వేశాను. డెక్కు మీద మనుషులు, వాళ్ళ చొక్కా రంగులతో సహా కనిపిస్తున్నారు.

“పరదా!” అని అరిచాడు దారేది.

ఒక కొస వాడూ ఒక కొస నేనూ పట్టుకున్నాం. గాలికి పరదా ఒక్కసారిగా ఉబ్బి, చిలకలన్నీ రెక్కలు విప్పుకున్నాయి. మధ్యలో నిలబడి మా చెల్లెలు రెండు చేతులూ ఊపుతూ గొంతు చించుకుంది. డెక్కు మీద నలుగురు తలెత్తారు. వాళ్ళలో ఒకడు కంచె దాకా పరుగెత్తుకొచ్చి, టోపీ తీసి పిచ్చివాడిలా ఊపడం మొదలెట్టాడు.

ఈసారి మోగింది మా చెల్లెలి ఫోను.

“ఆ టార్పాలిన్ నువ్వేనా?”

“టార్పాలిన్ కాదు, పరదా!”

“పరదానే తల్లీ, పరదానే. చాలా బాగుంది.”

“ఇంత దూరం నుంచి చూస్తేనా?”

“వచ్చాక దగ్గర్నుంచి చూస్తాను. కట్టి ఉంచు.”

అప్పుడు ఏడ్చింది, నవ్వుతూనే. ఓడ చిన్నదై, చుక్కై, ఆ నీలంలో కలిసిపోయేదాకా మేం కదల్లేదు. దారేది ఒక రాయి మీద కూలబడ్డాడు. వాడి మొహంలో అంత ఆశ్చర్యం నేనెప్పుడూ చూడలేదు.

“ప్రతిసారీ ఆయన ఈ మాట చెబుతూనే ఉన్నాడురా. నేను మలుపు దాకానే విన్నాను” అన్నాడు.

వెనక్కి వచ్చేసరికి పెద్దాయన బెంచీ మీదే ఉన్నాడు. ఈసారి వ్యాను ఆగకముందే అద్దం దించింది మా చెల్లెలు. “ఓడ కనిపించింది తాతయ్యా! మనుషులు కూడా కనిపించారు.”

“కనిపిస్తారమ్మా, ఎందుకు కనిపించరు” అన్నాడాయన, అందులో వింతేముందన్నట్టు.

మా చెల్లెలు నావైపోసారి, దారేది వైపోసారి చూసి, తల బయటికి పెట్టి అడిగింది. “తాతయ్యా, మరి మా ఊరికి దారెటు?”

ఆయన లేచాడు. గుండీ పెట్టుకున్నాడు. గాల్లో స్టీరింగు పట్టుకుని, మేమిప్పుడే వెనక్కి వచ్చిన ఆ మూసేసిన రోడ్డునే మళ్ళీ చూపించాడు.

‘అది తప్పు’ అన్న మాట నాకు నాలుక దాకా వచ్చింది. ప్రూఫులు దిద్దేవాణ్ణి కదా.

“తిప్పండి అన్నగారూ, ఆయన చూస్తున్నారు” అంది మా చెల్లెలు.

వాడు తిప్పాడు. మలుపు రాగానే హారను కొట్టమని గుర్తు చేసింది మాత్రం నేనే.