మా తొట్టి దగ్గర ఆగని బండ్లు

మా చిన్నప్పుడు... పసుపు సీజన్ వచ్చిందంటే ఆర్మూరు పక్కనే ఉన్న పెర్కిట్ చివర మా ఇంటి ముందు ఎడ్లబండ్లు వరుస కట్టేవి. మోర్తాడ్ వైపు నుంచి ఆర్మూరు మార్కెట్‌కు పోయే బండ్లన్నీ మా నీళ్ల తొట్టి దగ్గర ఆగాల్సిందే. తోలేవాడు మరిచిపోయినా ఎడ్లు మరిచేవి కావు.

ఆ తొట్టి మా తాత కట్టించాడు. చేదబావిలోంచి తోడి నింపేది మా అమ్మ. నీళ్లకు పైసలేంటి, తీసుకుంటే పాపం కదా... కానీ ఒక రివాజు ఉండేది. ఎడ్లకు నీళ్లు పెట్టుకున్న రైతు పోయే ముందు బస్తా మూతి కాస్త విప్పి, చారెడు పసుపు కొమ్ములు మా అరుగు మీది చాటలో వేసి పోయేవాడు. అమ్మ వాటిని రోట్లో దంచి, జల్లించి జాడీకెత్తేది. ఏడాదంతా కూరలోకీ గడపకూ అదే. పసుపు కొనడమనే మాటే మా ఇంట్లో వినలేదు.

నాన్న దుబాయిలో ఉండేవాడు. నేనొక్కదాన్నే పిల్లను. ఒకవైపు రోడ్డు, మిగతా అన్ని వైపులా మొక్కజొన్న చేలు. బీడీలు చుట్టే అమ్మకు ఆకు, తంబాకు, దారం తప్ప లోకం లేదు. బడి నుంచి వచ్చాక నాతో మాట్లాడే మనిషి ఉండేది కాదు... తొట్టి గట్టు మీద కూర్చుని రోడ్డు చూసేదాన్ని.

అందుకే గంగమణి కోసం అంతగా ఎదురుచూసేదాన్ని. మోర్తాడ్ రైతు రాజన్న కూతురు, నా ఈడుదే. మార్కెట్లో వాళ్ల నాన్న సరుకు అమ్ముకునేదాకా ఎడ్లను చూసుకోవడానికి బండి మీద వచ్చేది. బస్తాల మీద కూర్చుని వచ్చేసరికి లంగా, మోచేతులు, ముక్కు కొస... అంతా పసుపే. పెళ్లికూతురు వచ్చిందని అమ్మ ఆటపట్టించేది.

ఎడ్లు నీళ్లు తాగి సేదతీరేంతసేపు మేమిద్దరం గులకరాళ్లతో కచ్చకాయలు ఆడేవాళ్లం. ఆట ఏనాడూ పూర్తయ్యేది కాదు. వాళ్ల నాన్న పిలవగానే రాళ్లు తొట్టి కింద సందులో దాచేది.

"అచ్చే యాడాది గిక్కడికెల్లే ఆడుదం" అనేది, ఆట ఆగిన చోటు చూపిస్తూ.

ఏడాదంతా ఆ రాళ్లను నేను ముట్టేదాన్ని కాదు.

తొంభైల్లో మా వైపు కూడా కొత్తగాలి తగిలింది. సర్కారు తలుపులు తెరిచిందట, కంపెనీలు వచ్చాయట, ఎవరడిగినా వాయిదాల మీద బండి ఇస్తున్నారట అని బస్టాండులో చెప్పుకునేవారు. స్కూటర్ కోసం పేరు రాయించుకుని ఏళ్లకేళ్లు ఎదురుచూసిన ఊరు మాది... చూస్తుండగానే ఆటోలు, జీపులు, సరుకు మోసే చిన్న వ్యాన్లతో నిండిపోయింది. చౌరస్తాలో హారన్ల మోతకు పక్కవాడి మాట వినబడేది కాదు. ఊళ్లోకి ఆటోలో పోతున్నానని నేనూ మురిసిపోయాను, అబద్ధం ఎందుకు.

ఆ సీజన్‌లో ఎడ్లబండ్లు పలచబడ్డాయి. అమ్మ మాత్రం తొట్టి నిండా నీళ్లు తోడి పెట్టింది. నేను బడి నుంచి ఉరికొచ్చి గట్టు మీద కూర్చునేదాన్ని. వ్యాన్లు దుమ్ము రేపుకుంటూ పోయేవి... ఒక్కటీ ఆగేది కాదు.

ఒకరోజు ఒక వ్యాన్ ఆగింది. డ్రైవర్ పక్కన రాజన్న. అమ్మ అలవాటుకొద్దీ బకెట్ నిండా నీళ్లు ముంచుకుని ఎదురెళ్లింది. డ్రైవర్ నవ్వి, చెంబెడు నీళ్లు రేడియేటర్‌లో పోసుకుని చాలన్నాడు. నేను వ్యాన్ వెనక్కి ఉరికి చూశాను. బస్తాల మీద తాళ్లతో బిగించిన టార్పాలిన్ తప్ప ఎవరూ లేరు.

గంగమణి రాలేదా అని అడిగాను.

"ఎందుకస్తది బిడ్డా... ఎడ్లను అమ్మిన. ఎడ్లే లేకపాయె, ఇగ పిల్లతోని ఏం పని?"

మామూలుగానే అన్నాడు. పొద్దున బయలుదేరితే పగటి బువ్వకల్లా ఇంట్లో ఉంటున్నామని సంబరంగా కూడా చెప్పాడు. ఆయన తప్పేముంది, ఎండలో ఆ తిప్పలు తప్పాయి. నాకు మాత్రం ఏడుపొచ్చింది. లోపలికి పోయి తలుపు వెనక నిలబడ్డాను.

అరుగు మీది ఖాళీ చాట చూసి రాజన్నే మొహమాటపడ్డాడు. మూటలన్నీ కట్టేసినం అక్కా, మళ్లొచ్చినప్పుడు ఇస్తనన్నాడు. వ్యాన్ పోయింది. ఆ తర్వాత ఆయన కూడా మా ఇంటి దగ్గర ఆగలేదు.

ఎండాకాలం దాటేసరికి జాడీ అడుగు కనబడింది. అమ్మ చిటికెడు వేసే చోట సగం చిటికెడు వేస్తూ కొన్నాళ్లు నెట్టుకొచ్చింది. చివరికి ఒకరోజు, బయటివాళ్లు వింటారేమో అన్నట్టు మెల్లగా, పసుపు పొట్లం తెమ్మని నన్ను కిరాణా దుకాణానికి పంపింది.

"ఆర్మూర్ల ఉండుకుంట పసుపు కొంటున్నరా?" అని షావుకారు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఇంటికొచ్చి తొట్టి కింది రాళ్లు తీసి ఒక్కదాన్నే ఆడాను. మొదటిసారి ఆట పూర్తయింది... గెలిచానని చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు తొట్టి తీసేశారు. ఇప్పుడు మోర్తాడ్ నుంచి ఆర్మూరు ఎంతసేపని... నేను కూడా కారు అద్దాలెత్తుకుని, ఎక్కడా ఆగకుండానే పోతాను. గంగమణి ఎన్నిసార్లు ఎదురుగా పోయిందో ఏమో, ఇద్దరికీ తెలియదు.

మీ ఇంటి ముందు కూడా ఆగడం మానేసిన బండి ఏదైనా ఉందా... ఉంటే, దాని మీద ఎవరొచ్చేవారో కింద రాయండి. ఒక్కదాన్నే ఉన్నాను, తీరిగ్గా చదువుకుంటాను.