బాబాయిగారి చేలో చక్రం

మా గట్టు అవతలి చేను బాబాయిగారు పోయారని మొన్న మంగళవారం ఉదయం ఫోను వచ్చింది. పొలానికి బయలుదేరుతున్నవాణ్ణి క్యారేజీ అరుగు మీదే పెట్టేశాను. రక్తసంబంధం ఏమీ లేదు. పదిహేనేళ్ళు పక్కపక్కన వ్యవసాయం చేశాం, ఒకే బోదె కాలవ నీళ్ళు వాడుకున్నాం. మా ద్రాక్షారామం వైపు అంతకంటే పెద్ద చుట్టరికం ఏముంటుంది చెప్పండి?

ఆయనకు ఇంగ్లండు గోధుమచేలంటే పిచ్చి. అక్కడ తెల్లారేసరికి చేలో పెద్ద పెద్ద చక్రాలు, ముగ్గుల్లాంటి ఆకారాలు పడి ఉంటాయి కదా, ఆ వీడియోలు మధ్యాహ్నం అన్నాల వేళ నాకు చూపించేవారు. గ్రహాంతరవాసులు దిగారని కొందరు, చెక్కతో తాడుతో మనుషులే తొక్కారని కొందరు. బాబాయిగారికి ఆ గొడవ పట్టేది కాదు. "దిగినోళ్ళు ఎవరైతే ఏంటిరా? ఆ రైతు ఆపూట అన్నం తిన్నాడో లేదో ఒక్కడైనా అడిగాడా?" అనేవారు. రైతు మొహం చూపిస్తారేమోనని ప్రతి వీడియో చివరిదాకా చూసేవారు.

పోయిన సార్వాలో, అదే వానాకాలం పంటలో, ఆయన చేలోనే చక్రం పడింది. పచ్చటి వరి మధ్యలో గుండ్రంగా ఎండి ఒరిగిపోయింది. నేను సంబరంగా ఫోను తీసి వీడియో మొదలుపెట్టాను. బాబాయిగారు వంగి దుబ్బు మొదలు తట్టారు. నీళ్ళ మీద దోమ రాలింది. "సుడిదోమరా అబ్బాయ్, ఇలాగే గుండ్రంగా ఎండబెట్టేస్తుంది. నీళ్ళు తీసేసి ఈపూటే మందు కొట్టాలి" అన్నారు. ఆ మాట ఉంటే ఇక వింత ఏముంది? ఆయన గొంతు తీసేసి, పాట పెట్టి, 'ఇంగ్లండు చక్రం మన ఊళ్ళో' అని ఊరి గ్రూపుల్లో వదిలాను.

గంటలో జనం. మోటారు సైకిళ్ళు, ఆటోలు. "గట్టు మీద నడవండి బాబూ" అని ఆయన మొత్తుకుంటున్నా చేలో దిగి ఫోటోలు తీసుకున్నారు. మనుషులుండగా మందు ఎలా కొడతారు? రెండు రోజులు ఆగేసరికి దోమ చేనంతా పాకింది. కోతకు మిషను దింపడం కూడా దండగే అయింది.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. తప్పయిందని చెబుదామని రోజూ అనుకున్నాను. నాట్లు, ఎరువులు, నీటి వంతులు, ఒళ్ళు అలసట. సాకులకేం కరువు? ఆయన మాత్రం క్యారేజీ విప్పగానే ముందు నాకే పచ్చడి వేసేవారు.

నిన్న పరామర్శకు వెళ్ళాను. పిన్నిగారు ఆయన ఫోను నా చేతిలో పెట్టారు.

"ఇందులో ఆయన గొంతు ఎక్కడైనా ఉందేమో చూడు బాబూ."

ఆయన కనిపించే వీడియో ఒక్కటే ఉంది. నేను తీసిందే. దాచుకున్నారు. ఆయన గొంతు ఉన్న అసలుది నా ఫోన్లో చోటు చాలక ఎప్పుడో చెరిపేశాను.

పెట్టాను. బాబాయిగారు వంగి, లేచి, నావైపు తిరిగి ఏదో చెబుతున్నారు. పాట మోగుతోంది. పిన్నిగారు ఫోను చెవికి ఆనించుకున్నారు, మళ్ళీ కళ్ళ ముందుకు తెచ్చుకున్నారు.

"ఏమంటున్నారు బాబూ?"

చెప్పాను. గొంతు తీసేసింది నేనేనని కూడా చెప్పాను. ఆవిడ ఫోను తిరిగి నా చేతికిచ్చారు.

"మళ్ళీ పెట్టు" అన్నారు.

పాట వినపడకుండా సౌండు పూర్తిగా తగ్గించాను. ఆయన పెదాలు కదులుతుంటే ఆ మాటలు నేను పలికాను.