ఏడుకొండలుకు నేను చెప్పని మాట

2022 నాటికి మచిలీపట్నంలో నా డ్రైవింగ్ స్కూలుకు పద్దెనిమిదేళ్లు. కారు నేర్పడంతో పాటు, విదేశాలకు వెళ్లేవాళ్లకు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కాగితాలు కూడా సిద్ధం చేసేవాణ్ణి. మన లైసెన్సు వివరాలను ఇతర దేశాలవాళ్లు చదువుకోగలిగే భాషల్లో చూపించే చిన్న పుస్తకం అది. ఏడాది చెల్లుతుంది. దరఖాస్తుతో పాటు పాస్‌పోర్టు, లైసెన్సు, వీసా నకళ్లు ఇవ్వాలి.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది గుడివాడ వైపు నుంచి, బంధువుల దగ్గర రెండు నెలలు గడిపి రావడానికి వెళ్లేవాళ్లు. తిరిగొచ్చి, "మాస్టారూ, మీ పుస్తకం బ్రహ్మాండంగా పనిచేసిందండీ" అనేవాళ్లు. ఆ మాటలే నా చదువు. వాళ్లందరివీ విజిట్ వీసాలన్న సంగతి ఏనాడూ పట్టించుకోలేదు.

ఆ వేసవిలో నాగాయలంక నుంచి ఏడుకొండలు వచ్చాడు. సముద్రం మీద బతికే కుటుంబం. తను మాత్రం పదేళ్లుగా రొయ్యల వ్యాను నడుపుతున్నాడు. దుబాయ్‌లో చేపల గోదాములో పని దొరికింది, వ్యాను కూడా నడపాల్సి రావచ్చన్నాడు.

"అక్కడ కుడిపక్కన నడపాలంట గదండీ" అన్నాడు.

"భయంగా ఉందా?"

"మన కరకట్ట మీద అన్ని పక్కలా నడిపినోణ్ణి. ఒక పక్కనే నడపమంటేనే కష్టం మాస్టారూ."

ఇద్దరం నవ్వుకున్నాం. పుస్తకం వచ్చాక తేదీ చూపించి, "ఏడాది దాకా నీకు ఢోకా లేదు" అన్నాను. అతని వీసా నకలు నేనే దరఖాస్తుకు గుచ్చాను. అది ఉద్యోగం వీసా. చదవలేదు.

అక్కడి నిబంధన నాకు తర్వాత తెలిసింది. చూడటానికి వెళ్లినవాడు ఆ పర్మిట్‌తో బండి నడపవచ్చు. రెసిడెన్స్ వీసా, అంటే అక్కడ నివాసముండే అనుమతి, వచ్చాక అది చెల్లదు. పరీక్ష రాసి అక్కడి లైసెన్సే తీసుకోవాలి. ఏడుకొండలుకు ఆ అనుమతి వచ్చింది. పుస్తకంలో తేదీ ఇంకా ఉంది కదా అని వ్యాను తీశాడు. నాలుగో నెలలో వెనక్కి తీస్తుండగా వ్యాను ఒకతనికి తగిలి అతని కాలు విరిగింది. చెల్లే లైసెన్సు లేదని బీమావాళ్లు చేతులెత్తేశారు. ఏడుకొండల్ని జైల్లో పెట్టారు.

అతని భార్య కుమారి మా స్కూలుకు వచ్చింది. నేర్చుకునేవాళ్లు నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు.

"ఆ పుస్తకం చెల్లదన్నారంటండీ. మీరు ఆయనకేం చెప్పారు?"

తప్పు నాదేనని నాకు అర్థమైంది. అర్థమయ్యాక కూడా వాళ్లందరి ముందు నా నోటి నుంచి వచ్చిన మాట ఇది: "అక్కడికెళ్లాక అక్కడి లైసెన్సు తీసుకోమని చెప్పానమ్మా. వినిపించుకోలేదు."

ఆమె తల వంచుకుంది. "ఆయనంతేలెండి" అని వెళ్లిపోయింది.

ఆ మాట అవనిగడ్డ దాటి నాగాయలంక దాకా పాకింది. మాస్టారు చెప్పినా వినకుండా దొంగచాటుగా బండి నడిపి జైలుకెళ్లాడని రొయ్యల చెరువుల మీద చెప్పుకున్నారు. ఏడు నెలల తర్వాత అతన్ని విడిచి ఇంటికి పంపించేస్తే, ఇక్కడ ఏ యజమానీ తాళం చేతికివ్వలేదు.

ఒక ఉదయం అతనే వచ్చాడు. తిడతాడనుకుని లేచి నిలబడ్డాను. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మాస్టారూ, ఒక్క మాట అడిగిపోదామని వచ్చానండీ. ఆ రోజు మీరు నాకు చెప్పారా? నేనే వినలేదా? మీరు చెప్పారని ఇంట్లోవాళ్లంటే, లోపలున్నన్నాళ్లూ అదే గుర్తు చేసుకున్నాను. ఎంత తలుచుకున్నా గుర్తు రావట్లేదు."

నా మీద అనుమానపడలేదు ఆ మనిషి. తన జ్ఞాపకాన్ని అనుమానించుకున్నాడు.

"చెప్పలేదు ఏడుకొండలూ. నాకే తెలియదు. మీ ఆవిడతో అబద్ధం ఆడాను."

"ఇదే మాట ఆవిడకి చెప్తారా?" అన్నాడు.

ఆ పూటే బస్సెక్కి ఇద్దరం నాగాయలంక వెళ్లాం. వాకిట్లోనే చెప్పాను. కుమారి మొగుడి వైపే చూసింది. "ఫోన్‌లో ఏడ్చి చెప్పావు, ఎవరూ చెప్పలేదని. నేను ఫోన్ పెట్టేశాను" అంది.

అతని రొయ్యల వ్యాను పాత యజమాని దగ్గరికీ వెళ్లి చెప్పాను. "ఇప్పుడెందుకు లెండి, వేరేవాణ్ణి పెట్టుకున్నాం" అన్నాడాయన. ఏడుకొండలు ఇప్పుడు వాళ్ల అన్న పడవ మీద వెళ్తున్నాడు. అతని గురించి ఆ పాత మాట చెప్పుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. అది తప్పు. అతనికి ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు పర్మిట్ కోసం ఎవరొచ్చినా ముందు వీసా చదువుతాను. చూడటానికా, ఉండటానికా అని అడుగుతాను. ఆ దేశపు నిబంధన దొరక్కపోతే, నాకు తెలియదు, కనుక్కుని రండి అంటాను. పద్దెనిమిదేళ్లలో ఆ రెండు ముక్కలు ఒక్కసారి కూడా అనలేదు నేను. తెలియక చేసిన తప్పు అతన్ని జైలుకు పంపింది. తెలిశాక ఆడిన అబద్ధం, అక్కడ ఉన్న ఏడు నెలలూ ఇంట్లో అతన్ని నమ్మే మనిషి లేకుండా చేసింది.