బల్ల జరగని ఆదివారాలు

మొన్న ఆదివారం నరసరావుపేటలో మేము వెళ్లే చర్చిలో ప్రసంగం అయిపోయి కానుకల పాట మొదలవుతుండగా, మెడలో పార్టీ కండువాతో ఒక నాయకుడు పదిమందిని వెంటేసుకుని వచ్చి మైకు అందుకున్నాడు. సగం మంది చప్పట్లు కొట్టారు. కొట్టని మా పక్కింటావిడ వైపు ముందు వరసలోంచి ఒకాయన వెనక్కి తిరిగి, గుర్తుపెట్టుకుంటున్నట్టు చూశాడు. ఆ చూపు నాకు కొత్త కాదు.

నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. పిడుగురాళ్ల దారిలో మా ఊరు. బాలవాడిలో టీచరుగా కొత్తగా చేరాను. నాన్న సున్నపు బట్టీలో మేస్త్రీ, ఆయన అన్న, అంటే మా పెదనాన్న, ఊరి చర్చికి పాస్టరు. ఊళ్లో చివరికి టీ కొట్లు కూడా ఏ పార్టీకి ఆ పార్టీవే అయిపోయిన రోజులవి. అన్ని పార్టీల వాళ్లూ ఒక్క చోట కూర్చునేది మా చర్చి చాపల మీదే.

ఎన్నికలింకా నెల ఉందనగా, నాన్న తన పార్టీ నాయకుణ్ణి ఆరాధన వేళకు చర్చికి తీసుకొచ్చాడు. మైకు ఇప్పిస్తానని ముందే మాటిచ్చాడట. పెదనాన్న మెట్ల మీదే ఎదురెళ్లి చేతులు జోడించాడు.

“కండువా బయట పెట్టి రండయ్యా, అందరితోపాటు కూర్చోండి. మీకోసం ప్రార్థన చేస్తా. మైకు మాత్రం ఇవ్వను.”

“అన్నా, నా పరువు తియ్యమాక,” అన్నాడు నాన్న పళ్లబిగువున.

నాయకుడు నవ్వి, “చానా పెద్దోడివయ్యావు పాస్టరూ,” అని వెనుదిరిగాడు. ఆ నవ్వుకు మా అమ్మ వారం రోజులు నిద్రపోలేదు.

మరుసటి ఆదివారం ఎదురు పార్టీలో తిరిగే మా ఎదురింటి మామ, పెదనాన్న తమవాడైపోయాడనుకుని ఏకంగా పూలదండే తెచ్చాడు. ఆ దండనూ పెదనాన్న గడప దాటనివ్వలేదు. దాంతో ఇద్దరికీ చెడ్డాడు.

ఆ పై ఆదివారం ప్రభు బల్ల, అంటే ప్రభువు పేరున రొట్టె, ద్రాక్షరసం అందరూ కలిసి పంచుకునే రోజు. మా చర్చిలో ద్రాక్షరసానికి ఒకటే పాత్ర, ఒకరి తర్వాత ఒకరు తాగేవాళ్లం. మామ తాగి పాత్రను నాన్నకు అందించాడు. నాన్న చేతులు కట్టుకున్నాడు.

“వాడు ఎంగిలి చేసింది నేను తాగను.”

మామ కొడుకులు చాపల మీద నుంచి లేచారు. పెదనాన్న వాళ్ల మధ్యగా నడిచివచ్చి పాత్ర తీసుకుని, బల్ల మీద తెల్లగుడ్డ కప్పేశాడు. “మీరిద్దరూ ఒకటయ్యేదాకా ఇక్కడ బల్ల లేదు,” అన్నాడు.

ఎన్నికలయ్యాయి, మామ గడ్డివాము తగలబడింది, నాన్న ఒంటరిగా బట్టీకి వెళ్లడం మానేశాడు. ఎవరు గెలిచారో చెప్పను. మా ఇళ్లల్లో గెలిచినవాళ్లెవరూ లేరు. బల్ల లేకుండా నాలుగు నెలలు గడిచాక నాయనమ్మ మంచం పట్టి, పోయేలోపు ఒక్కసారి బల్ల తీసుకుంటానని అడిగింది. సొంత తల్లికి కూడా పెదనాన్న కాదనే చెప్పాడు. చెప్పి, పెరట్లోకి వెళ్లి గోడకు ఆనుకుని ఏడవడం నేను చూశాను.

ఆ సాయంత్రమే నాన్న చెప్పులు కూడా వేసుకోకుండా వీధి దాటి మామ గుమ్మం ముందు నిలబడ్డాడు. మామ చేతికర్రతో బయటకొచ్చాడు. మా అమ్మ నా చెయ్యి పట్టుకున్న పట్టుకు గాజు చిట్లింది.

“అమ్మ పోయేట్టుంది రా బావా. నువ్వు రావాలి.”

“వాముకు నిప్పు పెట్టింది నువ్వేనా?” అని అడిగాడు మామ. “నేను కాదు. పెట్టినోడెవడో తెలిసీ నోరు మూసుకున్నా,” అన్నాడు నాన్న. మామ కర్ర గోడకు ఆనించి, తలపాగా సవరించుకుని వెంట వచ్చాడు. పెదనాన్న పాత్రను మంచం దగ్గరికే తెచ్చాడు. నాయనమ్మ తాగింది, తర్వాత మామ, ఆ తర్వాత నాన్న. నాయనమ్మ ఇంకో మూడేళ్లు బతికింది కానీ, నాన్న మాత్రం అన్నతో మునుపటిలా మాట్లాడనేలేదు.

ఇప్పుడు నరసరావుపేటలో మేము వెళ్లే చర్చిలో బల్ల రోజున తలా ఒక చిన్న ప్లాస్టిక్ కప్పు ఇస్తారు. శుభ్రమే, కాదనను. ఎవరి తర్వాత ఎవరు తాగాలన్న చిక్కే లేదు కాబట్టి, ఎవరికి ఎవరితో మాటల్లేవో అడిగే అవసరం కూడా ఎవరికీ రావడం లేదు.