బియ్యపు హాల్లో తాతయ్య కండువా

నా చిన్నప్పుడు సింగపూర్ నది ఒడ్డున బియ్యం వ్యాపారులు బేరాలాడుకునే పెద్ద హాలు ఒకటి ఉండేది. విక్టోరియా రాణి కాలంలో దొరలు కట్టించింది. సన్నటి ఇనుప స్తంభాలు, వాటి మీద ఆకుల నగిషీ, పైన గాజు కప్పు. సూటిగా ఎండ పడితే బియ్యం అసలు రంగు తెలియదని, తమ దేశంలో లాగే అద్దాలన్నీ ఉత్తరం వైపు పెట్టారు. ఇక్కడ సగం ఏడాది సూర్యుడు ఉత్తరాన్నుంచే వస్తాడని ఆ మహానుభావులకు తట్టలేదు. ఆ నెలల్లో అద్దాల కింద తెరచాప గుడ్డలు కట్టి నెట్టుకొచ్చేవారు. ఈ సంగతి చెప్పినప్పుడల్లా మా తాతయ్య పొట్ట పట్టుకుని నవ్వేవారు.

తాతయ్య అక్కడ బియ్యం దళారీ. పక్కింటి అక్క పెళ్ళికి బియ్యం ఎంచే పని ఆయనకే అప్పగించారు. ఓడ ఆలస్యమై, సరుకు సరిగ్గా పెళ్ళికి ముందురోజు దిగింది. నన్ను వెంటబెట్టుకుని ఆయన బయల్దేరేసరికి మబ్బు పడుతోంది. దీపాల వెలుతురులో బేరం చేయకూడదన్నది ఆ హాలు కట్టుబాటు. మబ్బు కమ్మేస్తే ఇక ఆ రోజుకి బేరాల్లేవు, అక్క పెళ్ళికి మంచి బియ్యమూ లేవు.

తీరా గుమ్మం దగ్గరకు వెళ్ళాక నేను కదిలితే ఒట్టు. నేలంతా బియ్యమే. వ్యాపారులు నమూనా గింజలు అరచేతిలో పోసుకుని, చూసి, కొరికి, మిగిలినవి కిందికి జార్చేసేవారు. చేయి తగిలిన గింజ తిరిగి సంచిలో వేయకూడదని అక్కడి పద్ధతి. మా ఇంట్లోనేమో ఒక్క గింజ జారినా తీసి కళ్ళకద్దుకోవాలి. తొక్కితే కళ్ళు పోతాయని నాయనమ్మ చెప్పి ఉంచింది. నేను ఏడుపు లంకించుకున్నాను.

"సాయంత్రం ఇదంతా ఊడ్చి కోళ్ళకి పట్టుకెళ్తారే తల్లీ," అన్నారు తాతయ్య.

"కోళ్ళని తిననీ. నేను మాత్రం తొక్కను."

ఆయన ఒకసారి గాజు కప్పు వైపు, ఒకసారి నా వైపు చూశారు. చంకనెత్తుకుని లోపలికి పోవచ్చు, రెండు దెబ్బలు వేయనూ వచ్చు. ఆ రెండూ చేయకుండా, భుజం మీది జరీ కండువా తీసి మడిచి నా చేతిలో పెట్టారు.

"అయితే దారి చెయ్యి. నీ వెనకే వస్తాను."

గొంతుక్కూర్చుని కండువాతో గింజలను అటూ ఇటూ నెడుతూ ముందుకు జరిగాను. నేను చేసిన ఆ సన్నటి బాటలో తాతయ్య తన పెద్ద పాదాలు ఒకదాని ముందు ఒకటి పెట్టుకుంటూ వచ్చారు. ముందుగా ఒక ముసలి చీనా తౌకే, అంటే షావుకారు, మమ్మల్ని చూశాడు. సంగతేమిటో అర్థమైందో లేదో గాని, పంట్లాం పైకి లాక్కుని కాలెత్తాడు. "పెలాన్ పెలాన్," మెల్లగా, మెల్లగా అన్నాడు మలయ్‌లో. ఆ పక్కాయనా కాలెత్తాడు. బేరాలు మాని పెద్ద పెద్ద వ్యాపారులంతా నా కోసం ఒంటికాలి మీద నిలబడుతుంటే, ఏడుపు మరిచిపోయి పకపకా నవ్వేశాను.

మేము మా సరుకు నమూనా పెట్టిన బల్ల చేరేసరికి ఇంకా వెలుతురుంది. తాతయ్య గింజలు అరచేతిలో తిప్పి చూసి తలూపారు. బేరం కుదిరాకే గాజు మీద చినుకులు పడ్డాయి. మర్నాడు అక్క పెళ్ళిలో అన్నం మల్లెల్లా ఉందని అందరూ అన్నారు. ఆ మెప్పులో సగం నాదేనని నేను కడుపునిండా తిన్నాను.

ఇప్పుడు ఇదే సింగపూర్‌లో, సెంగ్‌కాంగ్ పేటలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. నా పట్టింపులు చూసి మనవలు ఇక్కడి ఇంగ్లీషులో "ఇట్స్ ఓకే లా, అమ్మమ్మా" అంటారు. నాకు కోపం రాదు. తాతయ్య ఆ రోజు నా నమ్మకాన్ని తప్పనలేదు, ఆ వ్యాపారుల పద్ధతినీ తప్పనలేదు. నా పట్టింపు నాదైనప్పుడు దానికి దారి నేనే వంగి చేసుకోవాలని నేర్పారు. అలా వంగినందుకు, నా పేరైనా తెలియని మనుషులు కాళ్ళెత్తి దారిచ్చారు. ఇది నా ఊరే అని నాకు మొదటిసారి అనిపించింది అప్పుడే.